ఉప్పులేని వంట

ఉద్యోగం వచ్చిన రెండో ఏడు నేను చిట్యాల మండలంలో ఒక ఊరి బడిలో టీచర్‌ను. మా తండా నెల్లికుదురు పక్కన ఉంది. ఇప్పుడు ఒకటి భూపాలపల్లి జిల్లా, ఇంకొకటి మహబూబాబాద్ జిల్లా అయ్యాయి గానీ అప్పుడు రెండూ వరంగల్ జిల్లాలోనే ఉండేవి. ఒకే జిల్లా అని పేరుకే. పొద్దున బయలుదేరి మూడు బస్సులు మారితే గానీ సాయంత్రానికి చేరేదాన్ని కాదు. చేరినా ఇంటికి తాళమే ఉండేది. మా యాడి, బాపు పుణె దగ్గర ఇళ్లు కట్టే పనిలో ఉండేవాళ్లు. యాడి అంటే మా భాషలో అమ్మ. వానల్లో తీజ్ పండుగకు, ఎండలు మొదలయ్యేటప్పుడు హోలీకి వచ్చి వెళ్లేవాళ్లు. మిగతా రోజుల్లో నాకు ఇల్లంటే ఆ ఊళ్లో అద్దెకు తీసుకున్న ఒక్క గదే.

ఆ గది ఒక పెద్ద పెంకుటింటి వెనక వైపు ఉండేది. ఇంటావిడకు యాభై దాటి ఉంటాయి. భర్త పోయి చాలా కాలమైంది. భూమి కౌలుకిచ్చి ఆ ఇంట్లో ఒక్కతే ఉండేది. ఒక్కతే కూతురు, జనగామలో ఇచ్చారు. నేను ఆమెను అక్కా అనేదాన్ని, ఆమె నన్ను టీచరమ్మా అనేది. మంచిగానే చూసుకునేది. పెరట్లో కాసిన బీరకాయలు నా కిటికీలో పెట్టి పోయేది. బోరు నీళ్లు వాడుకోనిచ్చేది. అయితే వంటింటి గడప లోపలికి మాత్రం నన్నెప్పుడూ పిలవలేదు. నేనూ పోలేదు. తండా నుంచి వచ్చినవాళ్లకు అలాంటివి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఎక్కడ ఆగాలో కాళ్లకే తెలుస్తుంది.

ఆ ఇంట్లో ఒక కుక్క ఉండేది. మామూలు ఊర కుక్కే, గోధుమ రంగు ఆడ కుక్క. ముసలిది. ఒక చెవి కొస చీలిపోయి ఉండేది, ముందు పళ్లు కొన్ని ఊడిపోయాయి. అక్క దాన్ని 'బిడ్డా' అని పిలిచేది. కూతురితో ఫోన్‌లో మాట్లాడేటప్పుడూ బిడ్డా అనే పిలిచేది. అప్పుడు కూడా కుక్క లేచి వచ్చి ఆమె కాళ్ల దగ్గర నిలబడేది. నాతో దానికి పొత్తు లేదు, నాకూ దాని మీద పెద్ద ధ్యాస లేదు. నేను బడికి పోతుంటే తల ఎత్తి చూసి మళ్లీ పడుకునేది.

ఆ ఏడు సెప్టెంబర్‌లో కూతురికి నెలలు నిండాయి. పురిటికి ఇక్కడికే తీసుకురావాలని అక్క అనుకుంది గానీ, డాక్టరు ప్రయాణం చెయ్యవద్దన్నాడు. దాంతో అక్కే జనగామ బయలుదేరింది. పొద్దున్నే ముందు గదులకు, వంటింటికి తాళాలు వేసి, సంచీ భుజాన వేసుకుని నా గది ముందుకొచ్చింది.

"పది దినాలల్ల వస్త టీచరమ్మా. జర దీన్ని సూడు. నువ్వు తినంగ మిగిలింది ఇంత ఏసినా సాలు, మొండిదేం గాదు."

సరే అక్కా అన్నాను. కాదనడానికి కారణం ఏమీ తోచలేదు. ఆమె కుక్క తల నిమిరి, టీచరమ్మ పెడితే తినమని దానికి చెప్పి వెళ్లిపోయింది. కుక్క వీధి మలుపు దాకా వెంట వెళ్లి, బస్సు వెళ్లిపోయాక వెనక్కి వచ్చి, తాళం వేసిన తలుపు ముందు పడుకుంది.

ఆమె వెళ్లిన మూడో రోజో నాలుగో రోజో సకల జనుల సమ్మె మొదలైంది. తెలంగాణ రాష్ట్రం కోసం అన్నీ ఆగిపోయాయి. బస్సులు ఆగాయి, ఆఫీసులు ఆగాయి, భూపాలపల్లిలో బొగ్గుబాయిలు ఆగాయి, బళ్లు కూడా మూశారు. బొగ్గు లేక కరెంటు ఎప్పుడు వస్తుందో, ఎప్పుడు పోతుందో తెలిసేది కాదు. మేం టీచర్లం కూడా సమ్మెలోనే ఉన్నాం. పొద్దున చిట్యాలకు నడిచి వెళ్లి మండలాఫీసు ముందు వేసిన టెంట్‌లో కూర్చునేవాళ్లం. నాతో పని చేసే టీచర్లందరూ ఆ చుట్టుపక్కల ఊళ్లవాళ్లే. టెంట్‌లో కూర్చుని మధ్యాహ్నానికి ఎవరి ఇళ్లకు వాళ్లు పోయేవాళ్లు. నేను గదికి వచ్చేదాన్ని. బడి ఉన్నన్నాళ్లూ పిల్లల గోలలో తెలియలేదు. సమ్మె మొదలయ్యాక, మధ్యాహ్నం నుంచి మర్నాడు పొద్దున దాకా నన్ను పలకరించే మనిషి లేదని తెలిసింది.

వంట సంగతి చెప్పాలి. నేను ఆరేళ్లప్పటి నుంచీ హాస్టళ్లలోనే పెరిగాను. పెద్ద గంజుల్లో వందమందికి వండిన అన్నం, చారు తిని చదువుకున్నాను. నా ఒక్కదాని కోసం ఎవరూ విడిగా వండలేదు. సెలవులకు తండాకు పోతే యాడి జొన్న రొట్టెలు చేసేది. మేం వాటిని బాటి అంటాం. అవి కూడా పనికి పోయే తొందరలో పదిమందికి కలిపి చేసినవే. ఉద్యోగం వచ్చాక కూడా నేను వంట సరిగ్గా నేర్చుకోలేదు. ఒకసారి అన్నం వండుకుని, పొద్దున పచ్చడితో, సాయంత్రం అదే పచ్చడితో తినేదాన్ని. ఒక్క మనిషికి పొయ్యి వెలిగించడం ఎందుకో సిగ్గుగా కూడా అనిపించేది.

అలాంటి నాకు కుక్కను అప్పగించి పోయింది అక్క. నేను తినే పచ్చడి మెతుకులే దానికీ వేశాను. వాసన చూసి ముఖం తిప్పుకుంది. అలిగిందేమో అనుకున్నాను. సమ్మెలో భాగంగా అప్పుడు రోడ్ల మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు చేసేవాళ్లు. వాడవాడ నుంచీ బియ్యం, కూరగాయలు తెచ్చి, అక్కడే వండి, అక్కడే బంతులుగా కూర్చుని తినేవాళ్లు. ఒకరోజు చికెన్ కూడా వండారు. మిగిలిన పులుసు అన్నం, బొక్కలు ఒక కవర్‌లో కట్టించుకుని వచ్చి కుక్క ముందు పెట్టాను. ఆవురావురుమని తింది. అలక తీరిందని నాకు సంతోషం వేసింది.

తెల్లవారేసరికి గడప ముందు కక్కుకుని ఉంది. ఆ రోజంతా లేవలేదు. నీళ్లు పెడితే ఒకసారి నాకి వదిలేసింది. కడుపు ఎగరేస్తూ పడుకుని, నేను దగ్గరికి పోతే కళ్లు మాత్రం తెరిచి చూసేది. మర్నాటికీ అంతే. నాకు భయం పట్టుకుంది. ఇంటావిడ నమ్మి అప్పగిస్తే చంపుకున్నానంటే ఏం ముఖం పెట్టుకుని చెప్పాలి? జనగామకు ఫోన్ చేద్దామని నంబరు తీసి, ఆమె కూతురి దగ్గర ఆస్పత్రిలో ఉంటుందని మానుకున్నాను.

చిట్యాలలో పశువుల దవాఖానకు కూడా తాళమే. అందులో పని చేసే కాంపౌండర్ మా టెంట్‌లోనే, రెండు వరుసల అవతల కూర్చునేవాడు. రిటైర్మెంటుకు దగ్గరపడ్డ పెద్దమనిషి. వెళ్లి పక్కన నిలబడి, సార్, సమ్మెలో ఉన్నారని తెలుసు, అడగొచ్చో లేదో అంటూ నసిగాను. ఆయన జరిగి చోటిచ్చాడు.

"దవాఖాన బంద్ ఉన్నది టీచరమ్మా, నా నోరు బంద్ లేదు. ఏం పెట్టినవో సెప్పు."

చెప్పాను. కోడి బొక్కలు అనగానే తల పట్టుకున్నాడు. ఉడికిన బొక్క పుల్లలా చీలి పేగుకు గుచ్చుకుంటుందని, ఉల్లిగడ్డ, ఎల్లిపాయ కుక్క నెత్తురును పాడు చేస్తాయని, ఉప్పూ కారం దాని ఒంటికి పడవని నెమ్మదిగా వివరించాడు. ఆ ఇంటావిడ దానికి ఏం పెట్టేదో ఎప్పుడైనా చూశావా అని అడిగాడు. చూడలేదు. ఒకే ప్రహరీలో ఏడాదిగా ఉంటూ నేను ఒక్కనాడూ అది ఏం తింటుందో చూడలేదు.

ఆయన జేబులోని సమ్మె కరపత్రం వెనక పక్కన పెన్నుతో రాసిచ్చాడు. మొదటి రోజు గంజి నీళ్లు మాత్రమే. రెండో రోజు మెత్తగా పిసికిన అన్నంలో చెంచాడు పెరుగు. కక్కుడు ఆగితే ఉడికించిన గుడ్డు సగం. ఆ తర్వాత గుమ్మడికాయ ముక్కలు, బొక్కల్లేని కోడి మాంసం ఉడికించి అన్నంలో కలపాలి. అన్నిటికీ అడుగున గీత గీసి ఒక్క మాట రాశాడు, ఉప్పు వద్దని. మూడు దినాల్లో లేవకపోతే చెప్పు, సమ్మె సంగతి తర్వాత, నేనే వచ్చి సూది వేస్తానన్నాడు.

సాయంత్రం గదికి వచ్చి పొయ్యి వెలిగించాను. బియ్యం కడిగి, నీళ్లు ఎక్కువ పోసి, జావ అయ్యేదాకా ఉడికించి, వడగట్టి, చల్లార్చి, వేలు పెట్టి చూసి, గిన్నెలో పోసి దాని ముందు పెట్టాను. మూతి ముంచలేదు. చేత్తో తీసి పెదవుల దగ్గర పెట్టాను. నాలుక బయటికి వచ్చి నా వేళ్లు నాకింది. మళ్లీ ముంచి పెట్టాను, మళ్లీ నాకింది. అలా ఎంతసేపు కూర్చున్నానో చెప్పలేను. అంతకుముందు ఎవరికీ నేను చేత్తో తినిపించలేదు. నాకు ఎవరైనా అలా తినిపించారేమో కూడా జ్ఞాపకం లేదు.

మూడో రోజు అది లేచి నిలబడింది. నాలుగో రోజు గిన్నె చప్పుడు విని నా గది ముందుకు వచ్చింది. తాళం వేసిన తలుపు దగ్గర నుంచి దాని పడక నా గడప దగ్గరికి మారింది.

పది దినాలు గడిచాయి. అక్క రాలేదు. కూతురికి ఆపరేషన్ చేసి ఆడపిల్లను తీశారని, తల్లీ పిల్లా బాగున్నారని ఫోన్ చేసింది. బస్సులు లేవు, ఎట్ల రావాలో తెలుస్తలేదు, కుక్క ఎట్లున్నదని అడిగింది. మంచిగున్నదక్కా అన్నాను. బొక్కల సంగతి చెప్పలేదు. ఆమె ఫోన్‌లో, బిడ్డా, బిడ్డా అని రెండుసార్లు పిలిచి, వినిపించమంది. నేను ఫోన్ దాని చెవి దగ్గర పెట్టాను. అది అటూ ఇటూ చూసింది, వీధి వైపు కొంచెం నడిచింది, వెనక్కి వచ్చింది. ఆ తర్వాత ఎప్పుడూ నేను ఫోన్ దాని చెవి దగ్గర పెట్టలేదు.

కుక్క కోసం వండడం నా దినచర్య అయిపోయింది. టెంట్ నుంచి వచ్చేటప్పుడు కావలసినవి వెతుక్కుంటూ వచ్చేదాన్ని. లారీలు రాక కిరాణా కొట్లో సగం డబ్బాలు ఖాళీగా ఉండేవి. అయితే గుమ్మడికాయలకు కొదవ లేదు. బతుకమ్మ రోజులు, ఏ పెరట్లో చూసినా తీగలే. ఎదురింటి అవ్వ ఒక కాయ ఇచ్చింది. కోడి కోసే ఆయన నాకోసమని కార్జం పక్కన పెట్టేవాడు. అన్నం, గుమ్మడి, మాంసం కలిపి మెత్తగా ఉడికించి, బొక్క ముక్క ఏదైనా ఉందేమోనని వేళ్లతో వెతికి వెతికి పిసికేదాన్ని. అదే గిన్నెలోంచి నాకు సగం తీసుకుని, నా కంచంలో ఉప్పు, కారం కలుపుకుని తినేదాన్ని. పచ్చడి మెతుకులు మానేశాను. కుక్క పుణ్యాన నేనూ రోజుకు రెండు పూటలా వేడి అన్నం తిన్నాను.

ఎదురింటి అవ్వ ఒకరోజు గోడ మీంచి చాలాసేపు చూసింది. "మనిషికి సేసినట్టు సేస్తున్నవు కదనే" అంది. వెక్కిరింతో మెచ్చుకోలో తెలియలేదు. నేను నవ్వి ఊరుకున్నాను.

ఒంట్లో బలం వచ్చాక దానికి చిరుతిండి పెట్టాలనిపించింది. అక్క సాయంత్రం పూట కొంగులోంచి ఏదో తీసి దానికి పెట్టడం ఒకటి రెండుసార్లు చూసిన గుర్తు. అదేమిటో తెలియదు. ఫోన్ చేసి అడగవచ్చు గానీ, అడగకుండా నేనే కనుక్కోవాలని పంతం వచ్చింది. కాంపౌండర్‌ను అడిగితే, తీపి బిస్కెట్లు వద్దు, చాక్లెట్ అసలే వద్దు, ద్రాక్షలు, కిస్మిస్‌లు వద్దు, పళ్లు లేనిదానికి గట్టివి పెట్టకు, ఏదైనా వేలి కొస అంతే అన్నాడు. టెంట్‌లో చుట్టూ కూర్చున్నవాళ్లు మా మాటలు వింటూ నవ్వుకునేవాళ్లు. రాష్ట్రం రాంగనే కుక్కల శాఖ టీచరమ్మకే ఇస్తరని ఒకాయన అన్నాడు.

నేను గుమ్మడికాయను పలుచగా కోసి, వాకిట్లో మంచం మీద గుడ్డ పరిచి, రెండు రోజులు ఎండబెట్టాను. కార్జం ఉడికించి చిన్న ముక్కలు చేసి పెనం మీద తడి ఆరేదాకా వేయించాను. ఎండు కొబ్బరి కొంచెం తురిమాను. మూడింటినీ మోదుగాకు మీద మూడు కుప్పలుగా పెట్టి, వెనక్కి జరిగి కూర్చున్నాను. కార్జం సంగతి చెప్పనక్కర్లేదు, ముందు అదే పోయింది. గుమ్మడి ముక్కను నోట్లో పెట్టుకుని చాలాసేపు నాన్చి, మింగింది. కొబ్బరిని వాసన చూసి తుమ్మింది. ఒక్కదాన్నే కూర్చుని పగలబడి నవ్వాను. ఆ నవ్వు విని నాకే కొత్తగా అనిపించింది, అన్ని రోజులైంది నవ్వి.

కార్జం రోజూ పెట్టకూడదట. గుమ్మడి తింటుంది గానీ ఇష్టంగా కాదు. ఇంకేం పెట్టాలా అనుకుంటున్నప్పుడు కిరాణా కొట్లో జొన్నలు కనిపించాయి. రొట్టె చేద్దామనుకున్నాను. కరెంటు లేక పిండి గిర్నీ నడవడం లేదు. ఎదురింటి అవ్వ వాకిట్లో ఇసుర్రాయి ఉంది. ఆమె ఒక పక్క, నేను ఒక పక్క కూర్చుని విసిరాం. అవ్వ తన పెళ్లినాటి సంగతులు చెప్పింది, నేను విన్నాను. ఆ ఊళ్లో ఒకరితో అంతసేపు కూర్చోవడం అదే మొదలు.

యాడి చేసినట్టు వేడి నీళ్లతో పిండి కలిపి, అరచేతుల మధ్య తట్టి, పెనం మీద వేశాను. మొదటివి రెండూ విరిగిపోయాయి. మూడోది నిలిచింది. ఉప్పు వెయ్యలేదు. అంచులు కరకరలాడేలా కాల్చి, ఆ అంచు తుంచి, వేడి పోయేదాకా ఊది కుక్కకు ఇచ్చాను. పక్క పళ్లతో కొరికి, కళ్లు సగం మూసి తింది. ఇంకో ముక్క కోసం ముందు కాలు ఎత్తి నా మోకాలి మీద పెట్టింది. కార్జానికి కూడా అలా పెట్టలేదు. మెత్తటి నడుమ భాగం నేను తిన్నాను. ఉప్పు లేకపోయినా తినగలిగాను. తింటూ యాడికి ఫోన్ చేశాను. బాటి చేశానంటే ఆమె నమ్మలేదు. ఎవరికి చేశావని అడిగింది. కుక్కకని చెప్పలేక, నాకోసమేనని అబద్ధం చెప్పాను.  మంచి పని చేశావు, ఒంటరిగా ఉన్నా వండుకుని తినాలి అని గొంతు తగ్గించి అంది.

ఆ రోజుల్లోనే ఇంకొకటి జరిగింది. టెంట్‌లో ఒక నాయకుడు మైకు పట్టుకుని, సినిమాల్లో మన మాటను ఎక్కిరిస్తరని, దొంగలకు, జోకర్లకు మన యాస పెడతరని, మన పిల్లలు పట్నంలో నోరు తెరవాలంటే సిగ్గుపడుతున్నరని మాట్లాడాడు. అందరం చప్పట్లు కొట్టాం. నేను మనసారా కొట్టాను. ఉపన్యాసం అయ్యాక పక్కన కూర్చున్న ఆమె, మీ లంబాడోళ్ల భాషల ఏదన్న జెప్పు టీచరమ్మా, ఇందామని అడిగింది. ఆవ్, బేస్, ఖా అన్నాను. రా, కూర్చో, తిను అని అర్థం. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వి, పక్కామెకు చెప్పింది. ఆమె ఇంకొకామెకు చెప్పింది. వరుస పొడుగునా నవ్వు పోయింది. చెడ్డ మనసుతో నవ్వలేదు, నాకు తెలుసు. నేనూ వాళ్లతో పాటు నవ్వాను. అయితే చిట్యాల నుంచి నడిచి వచ్చేటప్పుడు దారి పొడుగునా ఆ మూడు మాటలే నాలో నేను అనుకుంటూ వచ్చాను.

గదికి వచ్చాక కుక్కను చూసి అవే మాటలు అన్నాను. ఆవ్ అంటే వచ్చింది. బేస్ అని కిందికి చూపిస్తే కూర్చుంది. ఖా అని రొట్టె అంచు ఇస్తే తింది. ఆ రోజు నుంచి దానితో మా భాషలోనే మాట్లాడాను. టెంట్‌లో ఏం జరిగిందో, నా చిన్నప్పుడు హాస్టల్‌లో ఏం జరిగిందో, బాపు ఎత్తు నుంచి పడ్డప్పుడు నేను పరీక్ష రాస్తూ ఎందుకు వెళ్లలేకపోయానో, అన్నీ చెప్పాను. ఆ ఊరికి వచ్చిన ఏడాదిలో నా భాష నా నోటి నుంచి అంతగా ఎప్పుడూ రాలేదు. ఫోన్‌లో యాడితో మాట్లాడినా రెండు నిమిషాలే, ఆమె పనిలో ఉండేది.

దీపావళికి ముందు సమ్మె ఆగింది. బళ్లు తెరిచారు. బస్సులు తిరిగాయి. రాష్ట్రం రాలేదు గానీ వస్తుందని అందరూ అన్నారు. మొదటి బస్సుల్లోనే ఒకదాంట్లో అక్క వచ్చింది. ఆదివారం మధ్యాహ్నం, నేను వాకిట్లో గుమ్మడి ముక్కలు కోస్తున్నాను. కుక్క నా పక్కన పడుకుని ఉంది. గేటు చప్పుడుకు లేచి, ఒక్క క్షణం నిలబడిపోయింది. తర్వాత పరుగెత్తలేదు, నెమ్మదిగా నడిచి వెళ్లి అక్క చీర కుచ్చెళ్లలో తల దూర్చి అలాగే ఉండిపోయింది. తోక ఒకటే ఊగుతోంది. అక్క సంచీ కింద పడేసి, నా బిడ్డ, నా బిడ్డ అంటూ కూలబడింది. నేను కత్తి పట్టుకుని అక్కడే నిలబడ్డాను. సంతోషంగానే ఉంది. అయినా ఆ మూల నుంచి చూస్తుంటే, నాది కాని ఇంట్లో నిలబడ్డానని తెలుస్తూనే ఉంది.

అక్క దాని ఒళ్లంతా తడిమి చూసింది. బొచ్చు మెరుస్తోందని, తను ఉన్నప్పటి కంటే కండ పట్టిందని ఆశ్చర్యపోయింది. ఏం పెట్టావని అడిగింది. అప్పుడు బొక్కల సంగతి కూడా దాచకుండా చెప్పేశాను. ఆమె కోప్పడలేదు. నేను కోస్తున్న గుమ్మడి ముక్కల వైపు చూసి, తాళం తీసి, వంటింటి తలుపు తెరిచింది. నెల రోజులు మూసి ఉన్న ఇంటి వాసన బయటికి వచ్చింది.

"గిట్ల లోపటికి రా. ఎట్ల వండుతున్నవో నాకు సూపియ్యి."

నేను గడప ముందు ఆగాను. ఆమె అప్పటికే లోపల పొయ్యి తుడుస్తోంది. తల తిప్పి చూసి, నేను ఎందుకు ఆగానో ఆమెకు అర్థమైంది. వచ్చి నా చేతిలోని గిన్నె తీసుకుని, నా చెయ్యి పట్టుకుని లోపలికి నడిపించింది.

బియ్యం ఎంత, నీళ్లు ఎంత, గుమ్మడి ఎప్పుడు వెయ్యాలో చెప్పాను. ఆమె నేను చెప్పినట్టే చేసింది. మధ్యలో అలవాటు కొద్దీ ఉప్పు డబ్బాలో చెయ్యి పెట్టింది. ఉప్పొద్దక్కా అంటూ గబుక్కున ఆమె మణికట్టు పట్టుకున్నాను. ఇద్దరం నవ్వాం. గిన్నె దించాక, పీట వేసి నన్ను కూర్చోమంది. జనగామ నుంచి తెచ్చిన లడ్డూలు, కూతురి కాన్పు లడ్డూలు, ఇత్తడి పళ్లెంలో పెట్టింది. పొయ్యి వైపే చూస్తూ అంది.

"ఇన్నొద్దులు నిన్ను లోపటికి పిలువలేదు. నా మనసుకే ఎట్లనో ఉన్నది."

నేను లడ్డూ తింటూ ఉన్నాను.  పరవాలేదక్కా అంటే అది నిజం కాదు.  సాయంత్రం పూట కొంగులోంచి కుక్కకు ఏం పెట్టేదానివని అడిగాను. పుట్నాలట.

ఆ తర్వాత మూడు వారాలు నా జీవితంలో బాగా గడిచిన రోజులు. బడి నుంచి రాగానే అక్క వంటింట్లో కూర్చునేదాన్ని. ఇద్దరం కలిసి కుక్కకు వండి, ఆ తర్వాత మాకు వండుకునేవాళ్లం. ఆమెకు రొట్టె చెయ్యడం నేర్పాను, ఆమె నాకు పప్పుచారు నేర్పింది. అయితే కూతురికి ఒంట్లో బాగుండడం లేదని, చంటిదాన్ని చూసుకునేవాళ్లు లేరని జనగామ నుంచి ఫోన్లు వస్తూనే ఉన్నాయి. ఒకరోజు అల్లుడు ట్రాలీ ఆటో మాట్లాడుకుని వచ్చాడు. అక్క కొన్ని సామాన్లు, కుక్కను ఎక్కించుకుంది. ఇల్లు నన్నే చూసుకోమంది, ఈసారి వంటింటి తాళంచెవి కూడా ఇచ్చింది. నేను రొట్టె అంచులు ఎండబెట్టి కట్టిన పొట్లం ఆమె చేతికిచ్చాను. ట్రాలీ కదిలేటప్పుడు కుక్క అక్క ఒళ్లో తల పెట్టుకుని పడుకుని ఉంది.

ఆ వారమంతా నేను ఇద్దరికి సరిపడా బియ్యం కడుగుతూనే ఉన్నాను. కడిగాక గుర్తొచ్చేది. వంటింట్లో వండుకోమని అక్క చెప్పింది గానీ, ఆమె లేని ఆ పెద్ద వంటింట్లోకి పోబుద్ధి కాలేదు. నా గదిలోనే వండుకున్నాను. మానెయ్యకుండా వండుకున్నాను, అదొక్కటి చెప్పుకోవాలి. మా భాషలో మాట్లాడడం మాత్రం ఆగిపోయింది.

మరుసటి ఎండాకాలం సెలవుల్లో జనగామ వెళ్లాను. కుక్క కళ్లల్లో తెల్లటి పొర కమ్మింది. నేను ఆవ్ అని పిలిచాను. చెవి కదిలింది. లేచి వచ్చి నా చెయ్యి వాసన చూసి, రొట్టె ముక్క తిని, వెనక్కి వెళ్లి అక్క మంచం కింద పడుకుంది. అంతే. నేను అంతకంటే ఎక్కువ ఆశించానేమో తెలియదు. అక్క మనవరాలిని ఆడిస్తూ, కుక్క ఇప్పుడు గుమ్మడి కూడా తినడం లేదని, మక్క గటక, అంటే మొక్కజొన్న సంకటి, జావలాగా కాచి పోస్తున్నానని చెప్పింది. భోజనం పెట్టింది. సాయంత్రం రైలుకు నేను మానుకోటకు, అంటే మహబూబాబాద్‌కు, వెళ్లిపోయాను. యాడి వాళ్లు ఆ ఏడు హోలీకి వచ్చి, ఇంకా తండాలోనే ఉన్నారు.

రాష్ట్రం వచ్చింది. ఆ సంబరాల్లో నేనూ రంగులు చల్లాను. ఆ తర్వాత నాకు మహబూబాబాద్ వైపు బదిలీ అయింది. ఇల్లు ఖాళీ చేస్తున్నానని చెప్పడానికి అక్కకు ఫోన్ చేసి, మాటల్లో కుక్క ఎట్లుందని అడిగాను. అది పోయి ఏడాది దాటింది టీచరమ్మా, నీకు జెప్పలేదా అంది. చెప్పలేదు. చలికాలంలో ఒక పొద్దున లేపితే లేవలేదట. ముందురోజు గటక తాగిందట, బాధేమీ పడలేదట. పెరట్లోనే పూడ్చారట. ఆమె చెబుతూ ఏడ్చింది. నేను ఏడవలేదు, వింటూ ఉన్నాను. నాకు ఎందుకు చెప్పలేదని అడగాలనుకున్నాను గానీ, చెప్పడానికి నేను ఎవరిని? అది ఆమె కుక్క.

ఆ తర్వాత రెండు మూడుసార్లు ఫోన్‌లో మాట్లాడుకున్నాం. ప్రతిసారీ ఆ కుక్క సంగతే. కొబ్బరి వాసన చూసి తుమ్మడం చెబితే ఆమె నవ్వేది, ట్రాలీలో జనగామ దాకా ఎలా పడుకుందో ఆమె చెప్పేది. చెప్పినవే మళ్లీ చెప్పుకునేవాళ్లం. అవి అయిపోయాక ఇద్దరికీ మాటలు దొరికేవి కావు. ఫోన్లు తగ్గిపోయాయి. ఎప్పుడు ఆగిపోయాయో గుర్తు లేదు. ఆమె నంబరు ఇంకా నా దగ్గర ఉంది. చెయ్యాలని అనిపిస్తుంది, ఏం మాట్లాడాలో తోచక ఊరుకుంటాను.